దొర చూపిన గుమ్మం

మేదరి సింగన్న కొత్త ఇంటికి ముగ్గు పోస్తుంటే, ఎదురు మేడలోని దొర వచ్చి ఆ స్థలం మధ్యలో నిలబడ్డాడు.

"నా మేడకెదురుగా గుమ్మం పెడితే పొగరు. వెనక్కి పెడితే నాకు వీపు చూపినట్టు. పక్కకు పెడితే నన్ను తప్పించుకున్నట్టు!"

గీసింది చెరిపి, మళ్ళీ గీసి, సింగన్నకు తల తిరిగిపోయింది. చూస్తే వానలు దగ్గరపడుతున్నాయి. భార్య పోలమ్మ ముగ్గుబుట్ట అందుకుని దొర చుట్టూ నాలుగు గోడలూ గీసేసింది.

"అర్థమైందా?" అని గద్దించి దొర తిన్నగా మేడకేసి నడిచాడు.

"దొరా! మా ఇంట్లోంచి తమరు బయటికెళ్ళిన చోటే గుమ్మం పెడతాం. తమరు నడిచిన దారికి గోడ కట్టే పొగరు మాకెక్కడిది?" అంది పోలమ్మ.

దొర వెనక్కి తిరిగి చూశాడు.

సింగన్న ఇంకా అయోమయంగానే, "ఇంతకీ గుమ్మం ఎటే?" అన్నాడు.

"దొరవారు ముగ్గు తొక్కి మరీ చూపించారుగా!"