నాలుగు బ్యాటరీల కత్తి

అనగనగా ఒక నాటకాల మేళం. ఆ మేళానికి రాజ్యం లేదు గానీ రాజున్నాడు. కోట లేదు గానీ కోటబొమ్మ వేసిన తెర ఉంది. ఒక రాక్షసుడు కూడా ఉన్నాడు. పగలంతా తెరలు మోసి, దీపాలు పెట్టేవేళకు కోరలు తగిలించుకునేవాడు.

రాజు వేషం గవరయ్యది. ముప్పై ఏళ్ళుగా అదే కిరీటం, అదే కంచుగొంతు. రాక్షసుడి వేషం బంగారిది. కత్తులు, కిరీటాలు, మైకులు, దీపాలు చూసుకునేవాడు పైడిరాజు. ఏ రేడియో విప్పినా, మళ్ళీ బిగించాక చేతిలో ఒక్క మర మిగలనివ్వని పనివాడు. గవరయ్య అతని అక్క మొగుడు.

ఒకనాడు గవరయ్య అతన్ని తెర వెనక్కి పిలిచాడు.

"ఒరే పైడీ, ఒక మాట చెబుతాను. కడుపులో దాచుకుంటావా?"

"నీ మాటలన్నీ దాచుకుంటే అన్నానికి చోటుండదు గానీ, చెప్పు బావా."

"నాకు కళ్ళు కనబడ్డం లేదురా."

"అందుకేనా పొద్దున నా చెప్పులు వేసుకుపోయావు?" అని నవ్వాడు పైడిరాజు. బావ నవ్వలేదు. దాంతో అతని నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"పద్యాలు నాలుకకు తెలుసు. రంగస్థలం కొలత కాళ్ళకు తెలుసు. ఆ చివరి యుద్ధంతోనే వచ్చింది చిక్కు. బంగారి మూడు వేట్లు వేస్తాడు. మూడూ డాలు మీద కాసుకోవాలి. కత్తి ఎటునుంచి వస్తోందో తెలియడం లేదురా."

"బంగారికి చెబుదామా?"

"చెబితే జాలిపడి మెల్లగా కొడతాడు. జాలిపడే రాక్షసుణ్ణి చూడ్డానికి ఎవరొస్తారు? సంగతి బయటపడితే కిరీటం తీసి ఇంకొకడి నెత్తిన పెడతారు. రాజు వేషం లేకపోతే నేనెవరిని రా?"

పైడిరాజు మూడు రోజులు ఆలోచించాడు. నాలుగోనాడు రాక్షసుడికి కొత్త కత్తి చెయ్యడం మొదలుపెట్టాడు.

తేలికపాటి కర్రను తొలిచి, లోపల చిన్న చిన్న బల్బులు పేర్చాడు. పిడిలో కరెంటు తగిలితే మోగే మోతబిళ్ళ ఒకటి పెట్టాడు. దాని పక్కన సన్నని గొట్టం, గొట్టంలో సైకిలు చక్రపు ఉక్కుగుండు. కత్తి పైకెత్తితే గుండు వెనక్కి జారి ఒక తీగను తాకేది. అప్పుడు కత్తి "కీ" మనేది. కత్తి కిందికి దిగితే గుండు ముందుకు దొర్లి ఇంకో తీగను తాకేది. అప్పుడు "ఘుర్ర్" మనేది. ఆ మోత ఎటునుంచి వస్తే అటు డాలు తిప్పితే చాలు.

పిడిలో నాలుగు బ్యాటరీలకే చోటుంది. రెండు వెలుగుకిచ్చాడు, రెండు మోతకిచ్చాడు. రెంటికీ వేరువేరు తీగలు వేశాడు. ప్రతి అతుకుకీ టంకం వేసి, లాగి చూసి మరీ మూశాడు.

"వెలుగు జనానికి బావా. మోత నీకు."

"అయితే నా వంతు ఎవరికీ పెట్టకురా," అన్నాడు గవరయ్య నవ్వుతూ.

"పెట్టను," అని పైడిరాజు బావ చేతిలో చెయ్యి వేశాడు.

మొదటి ఆటలో కత్తి కీ మంది, ఘుర్ర్ మంది. మూడు వేట్లూ ఠంగుఠంగున డాలు మీదే పడ్డాయి. జనం ఈలలు వేశారు. గవరయ్య కిరీటం తియ్యకుండానే వచ్చి బావమరిదిని కావలించుకున్నాడు.

కానీ మేళం యజమాని సోంబాబు పెదవి విరిచాడు. "రాక్షసుడి కత్తా అది, మిణుగురు పురుగా? ఇంకాస్త వెలగనీవయ్యా."

పైడిరాజు ఇంకొన్ని బల్బులు పేర్చాడు. అవి వెలగాలిగా మరి! మోత వంతులోంచి ఒక బ్యాటరీ తీసి వెలుగుకు కలిపాడు. మోత సన్నబడింది.

"ఏరా, కత్తికి జలుబు చేసిందా?" అన్నాడు గవరయ్య.

"వానతడికి బావా. అదే సర్దుకుంటుంది."

పిల్లలూ, అబద్ధం ఎప్పుడూ ఇలా చిన్నదిగానే గుమ్మం తొక్కుతుంది. ఆ ఆటలో మూడో వేటు డాలు నడిమిన కాక, అంచున తగిలింది.

తరవాతి ఊళ్ళో ఆట పెట్టించిన పెద్దమనిషి మీసం దువ్వాడు. "మా ఊరి ఆట ఏటికి అవతలి ఊరికి కనబడాలోయ్!"

పైడిరాజు మళ్ళీ పిడి విప్పాడు. ఈసారి నాలుగు బ్యాటరీలూ వెలుగుకే కట్టి, మోత తీగను కూడా వాటికే తగిలించాడు. ఇద్దరికీ ఒకే కంచంలో వడ్డించినట్టయింది. కత్తి వెలిగింది, మోగింది కూడా. కానీ ఆ ఆటలో మూడో వేటు గవరయ్య భుజాన్ని గీసుకుపోయింది. ఆయన ఆ గీత మీద ఉత్తరీయం కప్పుకున్నాడు.

"బావా, మోత వినబడుతోందా?"

"వినబడకేంరా. నువ్వు కట్టింది కదా."

మూడోసారి అడిగినవాళ్ళు ఎవరూ లేరు. పైడిరాజే తనను తాను అడిగాడు.

అప్పటికి ఊళ్ళల్లో జనం "రాజు మేళం" అనడం మానేసి "కత్తి మేళం" అంటున్నారు. ఆ మాట పైడిరాజు చెవికి తేనెలా ఉంది. పెద్ద తీర్థం జాతరలో ఆట కుదిరింది. కొననుంచి పిడిదాకా మూడు రంగుల బల్బులు కిక్కిరిసేట్టు పేర్చాడు. పాక తలుపు మూసి, మీట నొక్కి, పది లెక్కపెట్టాడు. కత్తి ధగధగా వెలిగింది, మోగింది కూడా. "భేష్!" అనుకుని పిడి మూసేశాడు.

అతను చూసింది పది లెక్కపెట్టేంత సేపు. యుద్ధం సాగేది రెండు పద్యాల సేపు.

తీర్థంలో ఇసక వేస్తే రాలనంత జనం. బంగారి కత్తి దూశాడు. ఎర్రగా, పచ్చగా, నీలంగా రంగస్థలమంతా వెలిగిపోయింది. జనం హోరుమన్నారు. మొదటి వేటుకు కత్తి కీ మంది, ఘుర్ర్ మంది. ఠంగు! రెండో వేటుకు దోమ మూలిగినట్టు మోగింది. డాలు ఆలస్యంగా లేచింది గానీ, కాసింది. ఒకే కంచంలో ఆకలిగొన్న అన్న తమ్ముడి ముద్ద కూడా తినేసినట్టు, వెలుగు మోత వంతు కూడా తాగేసింది.

మూడో వేటుకు బంగారి కత్తి ఎత్తాడు. మోత లేదు.

గవరయ్య తల ఒక పక్కకు వంచి నిలబడ్డాడు. ఆయన దేనికోసం చెవి ఒగ్గాడో అన్ని వేలమందిలో పైడిరాజుకొక్కడికే తెలుసు.

"ఎడమకి బావా! ఎడమకి!"

చప్పట్లలో ఆ కేక ఎవరికి వినబడుతుంది? కర్రకత్తి కణతకు తగిలింది. గవరయ్య తూలి వెనక్కి అడుగు వేశాడు. వెనక రంగస్థలం లేదు. రాజు ఎంత బాగా పడ్డాడోనని జనం చాలాసేపు చప్పట్లు కొట్టారు.

గవరయ్య ప్రాణం నిలిచింది. విరిగిన తుంటి మాత్రం అతకలేదు.

నింద బంగారి మీద పడింది. కిరీటం మీద కన్నేసి నిజంగానే కొట్టాడన్నారు. సోంబాబు అతని మూట బయట పెట్టించాడు. "నా కాలే జారిందయ్యా," అని గవరయ్య మంచంలోంచి మొత్తుకున్నా, అది ఆయన మంచితనం అనుకున్నారే తప్ప ఎవరూ నమ్మలేదు. బంగారి వచ్చి గవరయ్య గుమ్మంలో కూలబడి ఏడ్చాడు. "రోజూ కొట్టినట్టే కొట్టాను మావా, ఒట్టు!"

పైడిరాజు ఊరుకుంటే ఆ తప్పు ఎవరికీ తెలియదు. పిడి మూసే ఉంది. మేళానికి కత్తి ఇచ్చిన పేరూ ఉంది. అతను బావ మొహం కేసి చూశాడు.

ఆ చూపు గవరయ్యకు కనబడలేదు గానీ, మంచం పక్కన తచ్చాడే అడుగులు వినబడ్డాయి.

"చెప్పరా పైడీ," అన్నాడు. "ఇంకా దాచుకుని నేనేం చేసుకుంటాను?"

అప్పుడు పైడిరాజు కత్తి తెచ్చి అందరి ముందూ పిడి విప్పాడు. "కొట్టింది బంగారి కాదు, నేను," అని మొదలుపెట్టి, బావ చూపు సంగతీ, మోత సంగతీ, బ్యాటరీ బ్యాటరీ లెక్కన అంతా చెప్పాడు. సోంబాబు తల వంచుకున్నాడు. బంగారి మూట మళ్ళీ లోపలికి వచ్చింది.

అందరూ వెళ్ళాక గవరయ్య అడిగాడు. "ఆ రోజు ఎలా వెలిగిందిరా కత్తి?"

"బావా..."

"చెప్పరా. అంతమంది చూశారు. నేనొక్కణ్ణే చూడలేదు."

పైడిరాజు వెక్కుతూనే ఎరుపు ఎలా ఉందో, పచ్చ ఎలా ఉందో, నీలం ఎలా ఉందో చెప్పాడు. గవరయ్య చివరిదాకా విన్నాడు.

"బాగుండే ఉంటుందిలే," అన్నాడు. "నా వంతు కూడా పెట్టావుగా."

పైడిరాజు బల్బులన్నీ పీకేశాడు. నాలుగు బ్యాటరీలూ మోతకే కట్టాడు. ఇప్పుడు ఆ మేళంలో రాజు వేరు. కత్తికి వెలుగు లేదు. ఆట ఉన్న ప్రతిరోజూ పైడిరాజు గవరయ్య మంచాన్ని తెచ్చి తెర పక్కన వేస్తాడు. కత్తి కీ మంటుంది, ఘుర్ర్ మంటుంది. మంచం మీద ముసలిరాజు డాలు లేని చెయ్యి పైకి లేస్తుంది, ఒకటి, రెండు, మూడు. ఒక్క వేటూ తప్పదు.

నీతి: పదిమంది మెప్పు కోసం, మనల్నే నమ్ముకున్న ఒక్కడి వంతు తీసి వాళ్ళకు పెట్టకూడదు.