సందులేని ఇనుప మోటారు

పెదగరువు సంస్థానంలో వీరాచారి, మల్లాచారి, సూరాచారి అనే అన్నదమ్ములు రోజూ కొలిమి వెలిగించే ముందు ఒకరి నుదురు ఒకరు తట్టి, మనింట్లో దేనికి కొరతైనా బుద్ధికి మాత్రం లేదు అనుకునేవారు. సూరాచారి యుద్ధానికి వెళ్ళాక ఆ అలవాటు పోయింది.

ఆ రోజుల్లో మోటారు బండి కొత్త. సరిహద్దులో పోరు మొదలవగానే దివాను తన మోటారును వాళ్ళకు అప్పగించి ఇనుపరేకులు తొడగమన్నాడు. నడపడం వచ్చినవాడు సూరాచారి ఒక్కడే కనుక పోరుకు అతడే వెళ్ళాలన్నాడు. తల్లిలేని ఆ మరిదిని పెంచింది వీరాచారి భార్య రత్నాలమ్మ. తూటా దూరే సందు ఒక్కటి కనబడినా ఊరుకునేది లేదని ఆమె మగనికి గట్టిగా చెప్పింది.

అంతే. ముందూ వెనకా, పైనా కిందా రేకులు బిగించారు. రత్నాలమ్మ సూది పట్టుకుని చుట్టూ వెతికింది. అదీ దూరలేదు. సూరాచారి లోపల కూర్చుని నడిపాడు. ఇంకేముంది, అంతా చీకటి. బండి తిన్నగా దివానుగారి గడ్డివాములోకి వెళ్ళింది.

సందు పెడితే తూటా వస్తుంది, పెట్టకపోతే దారి కనబడదు. మల్లాచారి బాగా ఆలోచించి, తాను ముందు నడుస్తూ కేకలతో దారి చెబుతానన్నాడు. నీకు తూటా తగిలితేనో అంది వదిన. నిజమే కదా అని అతని చుట్టూ గాదెలాంటి ఇనుపడబ్బా కట్టారు. ఇప్పుడు అతనికీ దారి కనబడదు. కనుక అతని ముందు వీరాచారి నడవాలి. అతనికీ ఒక డబ్బా. అంతటితో ఇనుము అయిపోయింది. అందరికన్నా ముందు రత్నాలమ్మ గంగాళం బోర్లించుకుని నిలబడింది.

పరీక్షనాడు సిపాయిలు కాల్చిన తూటాలన్నీ ఖంగుఖంగున రాలిపోయాయి. దివాను మెచ్చుకుని, ఇక నడపమన్నాడు. గంగాళం వెనక డబ్బా, డబ్బా వెనక డబ్బా, వాటి వెనక మోటారు, వరుస తప్పకుండా వెళ్ళి బురదమడిలో దిగాయి.

దివాను తల పట్టుకున్నాడు. నడిపేవాడి కళ్ళకెదురుగా వేలు మందాన చీలిక కోయాలని, తెల్లవారేసరికి కుర్రవాడు బండిలో ఉండాలని, తలుపు గట్టిగా బిగించి ఉండాలని చెప్పి వెళ్ళాడు.

"ఆయన చెప్పింది చెప్పినట్టే చేద్దాం" అన్నాడు వీరాచారి.

సాయంత్రానికి చీలిక కోశారు. కోశాక చూస్తే తూటా కూడా వేలంత మందమే ఉంది. అంతే, డబ్బా నుంచి ఊడదీసిన రేకు చీలిక మీద పెట్టి శీలలు కొట్టారు. తరువాత సూరాచారిని లోపల కూర్చోబెట్టారు. ఒక్కడే ఉంటే బెంగపడతాడని అన్నం గిన్నెతో తక్కిన ముగ్గురూ ఎక్కారు. తలుపు గట్టిగా ఉండాలన్నారు కనుక వీరాచారి లోపలినుంచే శీలలు బిగించాడు.

"మరి మనం దిగేదెట్లా అన్నయ్యా?" అని మల్లాచారి అడిగాడు.

"తెల్లారితే దివానుగారు వచ్చి దిగమంటారు. అప్పుడు దిగుదాం."

అందరికీ అది సబబుగానే తోచింది. రత్నాలమ్మ పెరుగన్నం కలిపి, "సూరీ, నోరు తెరువు నాయనా" అంది. చీకట్లో ఎవరి నోరు ఎవరిదో తెలియదు కనుక అన్నదమ్ములు ముగ్గురూ తెరిచారు. ముద్ద వీరాచారి నోట్లో పడింది.

"అందిందా?"

"అందింది వదినా" అన్నాడు సూరాచారి.

ఆమె ఇంకో ముద్ద కలిపింది.