వర్ధనమ్మగారి గుడ్డ సంచి ప్రమాణం

తమ ఇంట్లో తెలివి ఎక్కువైపోయి, పొంగి పక్కింట్లోకి పోతుందేమోనని, మండు వేసవిలో కూడా కిటికీలు బిగించుకుని కూర్చునే కుటుంబం ఒకటుంది. నవ్వకండి, నిజం. పెదగొల్లపేటలో బస్టాండుకు నాలుగు వీధుల అవతల ఉంటారు. ఊళ్ళోవాళ్ళు ఆ ఇంటిని "లౌక్యం వారిల్లు" అంటారు. ఎందుకంటారో ఊరికి తెలుసు. అది మెచ్చుకోలని వాళ్ళకు తెలుసు.

ఇంటి పెద్ద కామేశం. ఆయన మాటకు తిరుగులేదు, భార్య వర్ధనమ్మ ఒప్పుకుంటే. ఆయన తమ్ముడు భద్రం. ముప్పై ఐదేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు. "నా తెలివికి తూగే పిల్ల దొరకాలిగా!" అంటాడు. పాపం, దొరకదనే ఊరంతా అనుకుంటోంది.

ఆ రోజు వర్ధనమ్మకు ప్రాణసంకటం వచ్చిపడింది. కొత్త అల్లుడు శశిధరం మొదటిసారి భోజనానికి వస్తున్నాడు. పక్క ఊళ్ళో ఏదో పనిట. ఒంటిగంటకు వచ్చి, తిని, మూడు గంటల బస్సుకు వెళ్ళిపోతాడట. ఇందులో సంకటం ఏముందంటారా? ఉంది. ఆరు నెలల కిందట కూతురి పెళ్ళి భోజనాల్లో వియ్యపురాలు అనసూయమ్మ పప్పు నోట్లో పెట్టుకుని, "ఇదేమిటమ్మా, ఉప్పు లేదు!" అనేసింది. ముప్పై మంది విన్నారు. ఆ రోజు నుంచీ వర్ధనమ్మకు ముద్ద దిగడం లేదు. అంటే దిగుతోంది గానీ, దిగినప్పుడల్లా ఆ మాట గుర్తొస్తోంది. ఈ ఒక్క భోజనంతో ఆ మచ్చ చెరిపెయ్యాలి. అల్లుడు ఇంటికెళ్ళి తల్లి ముందు "మా అత్తగారి వంటంటే వంటే" అనాలి.

"ఏవండీ! కందిపప్పు, నూనె, పెరుగు, బెల్లం, సేమ్యా. ఈ అయిదూ తెండి. పరుగున వెళ్ళి పరుగున రండి" అంది. కామేశం ఆ మాట ప్రకారం పరిగెత్తాడు. వీధిలో కుక్కలు ఆయన్ని దొంగ అనుకుని తరిమాయి. అందువల్ల ఇంకాస్త త్వరగానే చేరాడు.

బస్టాండు దగ్గర సూపర్ మార్కెట్టు ముందు జాతర. "నేటి నుంచి ప్లాస్టిక్ కవర్లు ఇవ్వబడవు. మీ సంచి మీరే తెచ్చుకోవాలి" అని ఇంత పొడుగు ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీ కూడా ప్లాస్టిక్కే కదా అని అడిగిన పుణ్యాత్ముడు లేడు. ఒకాయన మైకు పట్టుకుని ఆవుల కడుపులో కవర్ల గురించి కన్నీళ్ళు పెట్టిస్తున్నాడు. కాళ్ళ దగ్గర ప్లాస్టిక్ నీళ్ళ సీసా. ఇంకొకాయన "కవరు ఇవ్వకపోతే కొనం, అంతే!" అని అరుస్తూనే వరసలో తన చోటు పోకుండా చూసుకుంటున్నాడు. కామేశం పక్కింటి మాణిక్యాంబ "కవర్లు ఇవ్వకపోతే ఇంట్లో చెత్త దేంట్లో వేసి కాలవలో పారెయ్యాలమ్మా?" అని నిలదీస్తోంది. న్యాయమైన ప్రశ్నే అని నలుగురు తలలూపారు.

కామేశం బోర్డు చదివి, సంచి లేదని తిరిగొచ్చేశాడు. సరే, తెలివిగల పనే.

"సంచి కావాలిటే" అన్నాడు.

వంటింటి తలుపు వెనక ఆ ఇంట్లో ఒక పెద్ద కవరు వేలాడుతుంది. దాని నిండా కవర్లు. పన్నెండేళ్ళుగా మడిచి మడిచి దాచినవి, రెండు వందల పైమాటే. కానీ అవి పనికిరావు. వర్ధనమ్మ పెట్టె అడుగు నుంచి వాళ్ళమ్మ కుట్టిన గుడ్డ సంచి తీసింది. పాత చీరల ముక్కలు అతికి, అంచు వేసి, చిలకలు కుట్టిన సంచి.

"మా అమ్మ చేతి పని. ఎలా తీసుకెళ్తున్నారో అలాగే తీసుకురావాలి. తెలిసిందా?"

"నాకు చెప్పాలిటే!" అన్నాడు కామేశం.

అరగంటలో వచ్చాడు. సంచి తళతళలాడుతోంది. లోపల ఏమీ లేదు.

"సరుకులేవీ?"

"కొన్నాను. డబ్బు కట్టాను. కౌంటరు మీద పెట్టి వచ్చాను."

"సంచిలో వేసుకోలేదా!"

"నువ్వేగా ఎలా తీసుకెళ్తే అలాగే తెమ్మన్నావు? ఖాళీగా తీసుకెళ్ళాను, ఖాళీగా తెచ్చాను. కౌంటరులో అమ్మాయి నింపబోయింది కూడా. నేనా పడేవాణ్ణి! చేతులు అడ్డం పెట్టాను."

వర్ధనమ్మకు మొగుడు చెప్పిన దాంట్లో తప్పు కనపడలేదు. అదే వచ్చిన చిక్కు. గోడ గడియారం చూస్తే పదిన్నర.

"భద్రం, నువ్వెళ్ళు. సంచి నిండుగా తేవాలి. ఖాళీ కనిపించిందా, గుమ్మం ఎక్కనివ్వను."

"చూస్తూండు వదినా" అని భద్రం కదిలాడు. ఇంకేముంది! సూపర్ మార్కెట్టు తలుపు తోయగానే ఎదురుగా ఉప్పు అర. సంచి తెరిచాడు. ఒకటి, రెండు, మూడు, పది. సంచి నిండింది. డబ్బు కట్టి, అన్నగారి సరుకులు కౌంటరు మీద అలాగే కూర్చుని ఉంటే వాటిని పలకరించి మరీ వచ్చాడు.

వర్ధనమ్మ సంచి బోర్లించింది. పది ఉప్పు ప్యాకెట్లు దబదబా పడ్డాయి.

"ఉప్పేమిట్రా! పప్పేదీ?"

"నిండుగా తెమ్మన్నావు, తెచ్చాను. ఇంకో ప్యాకెట్టు పెడదామన్నా పట్టదు, కావాలంటే చూసుకో."

"మరి మీ అన్నయ్య కొన్నవి అక్కడే ఉన్నాయి కదా?"

"అవి అన్నయ్యవి వదినా. పరాయి సొత్తు ముట్టుకునే రకాన్ని కాదు."

వర్ధనమ్మ కూలబడింది. పదకొండున్నర. పొయ్యి మీద ఎసరు తప్ప ఏమీ లేదు. ఎసరు పోసి అల్లుడికి పెడితే అనసూయమ్మ ఊరుకుంటుందా? ఈసారి ముప్పై మందితో కాదు, మూడు ఊళ్ళతో చెబుతుంది.

"లేవండి ఇద్దరూ! ఈ ఇంట్లో నిజమైన తెలివి నాదేనని నాకు ముందే తెలుసు. నేనే వస్తున్నాను" అంది.

అంతే. ముగ్గురూ బయలుదేరారు. ఆవిడ తిన్నగా కౌంటరు దగ్గరికి వెళ్ళి, సరుకులు అయిదూ చూసి, లెక్క సరిపెట్టుకుని, సంచిలో వేసింది. చూశారా, ఒక్క తప్పు చేయలేదు. అలాగే ఇంటికి వచ్చేస్తే ఈ కథే లేదు. కానీ గుమ్మం దగ్గర మైకాయన అడ్డం నిలబడ్డాడు.

"అందరూ చెయ్యి చాచండి! నాతో పాటు అనండి! ఈ రోజు నుంచి నా సంచిలో ఒక్క ప్లాస్టిక్ ముక్క కూడా వేయను!"

వందమంది చేతులు చాచారు. వందమందీ అన్నారు. మరుక్షణం ఈ ముగ్గురూ తప్ప అందరూ బిస్కట్ల ప్యాకెట్లు, చిప్సు ప్యాకెట్లు, నూనె ప్యాకెట్లు గుడ్డ సంచుల్లో కుక్కుకుని హాయిగా ఇళ్ళవైపు కదిలారు. అదేమిటో, ఎవరికీ ఏమీ అనిపించలేదు.

వర్ధనమ్మ కదల్లేదు. సంచిలోకి చూసింది. కందిపప్పు ప్లాస్టిక్కులో ఉంది. నూనె ప్లాస్టిక్కులో ఉంది. పెరుగు, బెల్లం, సేమ్యా, అన్నీ అంతే.

"ఏవండీ, ప్రమాణం చేశాం."

"చేశాం" అన్నాడు కామేశం గంభీరంగా.

"మాట తప్పితే కళ్ళు పోతాయి వదినా" అన్నాడు భద్రం.

ఇంకేముంది! కౌంటరులో అమ్మాయి దగ్గర కత్తెర తీసుకున్నారు. పప్పు ప్యాకెట్టు కోసి సంచిలో పోశారు. దాని మీద సేమ్యా. దాని మీద బెల్లం. దాని మీద నూనె, లీటరూ. చివర పెరుగు. అయిదు ఖాళీ ప్యాకెట్లూ మైకాయన చేతిలో పెట్టి దణ్ణం పెట్టారు. ఆయన ఒక చేత్తో మైకు, ఇంకో చేత్తో ప్యాకెట్లు పట్టుకుని చెత్తబుట్ట కోసం వెతుక్కున్నాడు. చుట్టూ జనం కడుపులు పట్టుకుని నవ్వారు. చప్పట్లు కొట్టారు. వర్ధనమ్మ చప్పట్లు మాత్రమే లెక్కలోకి తీసుకుంది. ఒక్క మాట చెప్పనా? ప్రమాణం చేసిన వందమందిలో మాట మీద నిలబడింది ఈ ముగ్గురే.

సంచి కారుతూ ఇల్లు చేరింది. వెనకాలే నాలుగు పిల్లులు.

"మనల్ని సాగనంపడానికి వస్తున్నాయి" అన్నాడు భద్రం.

పన్నెండున్నర. వర్ధనమ్మ సంచిలోకి తొంగి చూసింది. పప్పు ఏదో, పెరుగు ఏదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. కానీ తెలివిగల మనిషి కదా, వెంటనే ఉపాయం తట్టింది. "ఎలాగూ కడుపులోకి వెళ్ళాక కలిసేవేగా" అని మొత్తం కుక్కరులోకి కుమ్మరించింది. కుక్కరు నాలుగు కూతలు కూసి, అయిదోది ఎందుకో కూయనంది.

శశిధరం వచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు, పీట మీద కూర్చున్నాడు. విస్తట్లో పసుపురంగులో జిగురుగా, తియ్యగా, పుల్లగా, నూనె తేలుతూ ఒక పదార్థం పడింది. పక్కనే ఒక ఉప్పు ప్యాకెట్టు, ఇంకొకటి, ఇంకొకటి. మొత్తం పదీ విస్తరి చుట్టూ కోటగోడలా పేర్చింది వర్ధనమ్మ. అల్లుడు ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మింగాడు. మర్యాదస్తుడు, ఏం చేస్తాడు!

వర్ధనమ్మ చెంగు నలుపుతూ అడిగింది. "బాబూ, నిజం చెప్పు. ఉప్పు... ఉప్పుకేమైనా లోటు ఉందా?"

శశిధరం చుట్టూ చూశాడు. పది కేజీల ఉప్పు మధ్య కూర్చున్నవాడు ఏమంటాడు?

"ఉప్పుకేం లోటు లేదండీ, అత్తయ్యగారూ" అన్నాడు.

అంతే! వర్ధనమ్మకు ఏడుపొచ్చింది. ఆరు నెలల మచ్చ ఒక్క మాటతో పోయింది. "విన్నారా! విన్నారా ఇద్దరూ!" అని గంతులేసింది. "ఈ మాట అనసూయమ్మ వినాలి. వినడం కాదు, నాలిక మీద వేసుకుని చూడాలి. మిగిలిందంతా మీ అమ్మగారికి పట్టుకెళ్ళు బాబూ."

"కారియర్‌లో ఇస్తారాండీ?" అన్నాడు అల్లుడు, భయం భయంగా.

"కారియర్ పిడి ప్లాస్టిక్కు బాబూ. మేం ప్రమాణం చేశాం."

గరిటెతో తీసి గుడ్డ సంచిలో పోసి, మూతి బిగించి, చేతికిచ్చింది. శశిధరం దాన్ని ఒంటికి దూరంగా, చెయ్యి చాచి పట్టుకుని, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బస్టాండు వైపు నడిచాడు. అడుగుకో బొట్టు. వెనకాల మళ్ళీ పిల్లులు. ఈసారి ఏడు.

ముగ్గురూ గుమ్మంలో నిలబడి చూశారు. వీధి పొడుగునా పచ్చటి చుక్కలు.

"చూశారా! మనింటికి మళ్ళీ దారి తప్పకుండా రావాలని గుర్తులు పెట్టుకుంటూ వెళ్తున్నాడు. అల్లుడికి ఎంత తెలివి!" అంది వర్ధనమ్మ మురిసిపోతూ.

"ఒక్క పూట మనింట్లో తిన్నాడు, అప్పుడే వంటబట్టింది" అన్నాడు కామేశం.

అప్పుడు భద్రం ఆకాశం వైపు చూశాడు. "వదినా, మబ్బు పట్టింది. వాన పడితే గుర్తులు కొట్టుకుపోతాయేమో!"

గుర్తులు పోతే అల్లుడు మళ్ళీ ఎలా వస్తాడు? వర్ధనమ్మ లోపలికి పరిగెత్తింది. వంటింటి తలుపు వెనక నుంచి ఆ పెద్ద కవరు దింపింది. ఇంకేముంది! ముగ్గురూ వీధిలోకి దిగారు. ఒక్కో చుక్క మీద ఒక్కో కవరు పరిచారు. గాలికి ఎగరకుండా ఉప్పు ప్యాకెట్లు చింపి, దోసిళ్ళతో బరువు పోశారు. గుమ్మం నుంచి బస్టాండు దాకా, నాలుగు వీధులూ, రెండు వందల కవర్లు. ఆఖరి కవరు సరిగ్గా సూపర్ మార్కెట్టు ఫ్లెక్సీ కిందకు వచ్చింది.

మైకాయన నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఏమ్మా! ఇందాకేగా ప్రమాణం చేశావు!"

వర్ధనమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని, వెర్రివాణ్ణి చూసినట్టు జాలిగా చూసింది.

"సంచిలో వేయనన్నాను నాయనా. రోడ్డు మీద వేయనన్నానా?"