ఘాట్ రోడ్డు మీద చివరి చోటు

పరదేశి మాస్టారు ఏ ప్రశ్నకూ అడిగిన రోజున జవాబు చెప్పరు. "చూద్దాంలే" అని భీమిలి సముద్రం వైపు చూస్తూ కూర్చుంటారు. అడిగినవాడు మరిచిపోతే ఆ ప్రశ్నకు జవాబు అక్కర్లేదన్నమాటే. మరిచిపోకపోతే ఎప్పుడో ఒకనాడు, వేరే ఏదో పని మధ్యలో జవాబు దొరుకుతుంది.

కూర్మారావు మరిచిపోయే రకం కాదు. మాస్టారి వసారాలో సాయంత్రం జరిగే ఉపనిషత్తుల పాఠం తొమ్మిదేళ్లుగా ఒక్కనాడూ మానలేదు. మంత్రం మధ్యలో మాస్టారు ఆగితే మిగతా సగం అందుకునేది అతనే. మాస్టారికి డెబ్బై దాటాయి, ఈ మధ్య ఆయాసం కూడా వస్తోంది. అందుకని ఆ కార్తీకంలో ధైర్యం చేసి అడిగాడు.

"మాస్టారూ, మీ తర్వాత ఈ పాఠం చెప్పేది ఎవరు?"

ఏ పేరు వినాలని అడిగాడో వేరే చెప్పక్కర్లేదు.

"ఎల్లుండి సైకిలు యాత్ర కదా, టైర్లలో గాలి చూసుకో" అన్నారు మాస్టారు.

ఏటా ఆ రోజుల్లో మాస్టారూ, పాఠానికి వచ్చే ఏడుగురూ కలిసి ఎనిమిది మందీ సముద్రపొడ్డున బయల్దేరి, శృంగవరపుకోటలో రాత్రి మకాం చేసి, మర్నాడు అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు చేరతారు. మూడో రోజు దిగి వస్తారు. యాత్రకు ఒకటే కట్టుబాటు. తక్కినవాళ్లు ఓ కంట కనిపెడుతూ ఉండవలసిన మనిషి అందరికంటే ముందుండాలి, ఆ మనిషిని ఎవరూ దాటకూడదు. అందరినీ చూసుకోగలవాడు చివరన ఉండాలి. చివరి చోటు ఎప్పుడూ మాస్టారిది. ముందు చోటు ఆరేళ్లుగా దర్జీ సింహాచలానిది.

సింహాచలం పాఠం వింటూ కాజాలు కుట్టుకునే మనిషి. భారీ శరీరం, పాత నల్ల సైకిలు. కాస్త ఎత్తు వస్తే చాలు, దిగి నడిపించుకుంటూ పోతాడు. అతను దిగితే వెనకున్న ఏడుగురూ దిగాల్సిందే. గేర్ల సైకిలు కొనుక్కున్న కూర్మారావుకు ఒళ్లు మండిపోయేది.

రెండో రోజు పొద్దున్న, ఘాట్ మొదటి మలుపులోనే సింహాచలం దిగాడు. కూర్మారావు ఇక ఆగలేకపోయాడు.

"ఇలాగైతే చీకటి పడినా అరకు చేరం మాస్టారూ. ఈయన నడిచినంతసేపూ నేనూ నడవాలా?" అన్నాడు, సింహాచలం వింటుండగానే.

మాస్టారు అతని మొహంలోకి చూశారు. "సరే, నువ్వు ముందుండు" అన్నారు.

కూర్మారావు మనసు ఉప్పొంగింది. తన కోసం మాస్టారు కట్టుబాటునే పక్కన పెట్టారంటే, అడిగిన దానికి జవాబు ఇదే అనుకున్నాడు. వెనక్కి తిరిగి చూడకుండా తొక్కాడు. కాఫీ తోటలు దాటాడు, ఊపిరి ఎగదన్నుతున్నా సీటు దిగలేదు. వసారాలో తన మొదటి పాఠం ఏ మంత్రంతో ఎత్తుకోవాలో కూడా దారిలోనే తేల్చుకున్నాడు.

పైన టీకొట్టు దగ్గర ఆగి, తక్కినవాళ్ల కోసం చూశాడు. గంట గడిచింది. రెండో గంట కూడా గడిచింది. కొట్టు నడిపే ఆవిడ గ్లాసులు కడుగుతూ అడిగింది.

"మీవోలు ఎంతమంది బాబూ?"

"ఎనిమిది మంది."

"మరి నువ్వొక్కడివే వచ్చేసినావేటి?"

ఆ మాటతో కూర్మారావు చటుక్కున లేచి, కష్టపడి ఎక్కిన దారంతా దిగడం మొదలుపెట్టాడు. దిగుతున్నకొద్దీ భయం పట్టుకుంది.

ఆరు మలుపుల కింద ఎదురయ్యారు. అందరూ నడుస్తున్నారు. మధ్యలో మాస్టారు, ఆయాసపడుతూ. చిట్టచివర సింహాచలం, ఒక చేత్తో తన సైకిలు, రెండో చేత్తో, జట్టులో మోకాలు పట్టేసిన తవిటయ్యగారి సైకిలు నడిపించుకుంటూ వస్తున్నాడు. కూర్మారావును చూడగానే ఆ చెమట మొహం తేటపడింది.

"ఏటైపోనావు తమ్ముడూ? బతికించినావు! లోయలోకి గానీ పోనావేటోనని పెతీ మలుపు కాడా ఆగి, తొంగి సూసుకుంటా వచ్చినాం. అందుకే ఇంత ఆలీసం."

కూర్మారావు సిగ్గుతో చితికిపోయాడు. సింహాచలం చేతిలోంచి తవిటయ్యగారి సైకిలు అందుకున్నాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి మాస్టారి వైపు తిరిగి, "చివర ఉండవలసింది మీరు కదా?" అన్నాడు.

"ఆ చోటు పొద్దుటే సింహాచలానికి ఇచ్చేశాను."

ముందు చోటులో ఎవరిని ఉంచుతారో తొమ్మిదేళ్లుగా తెలిసిన సంగతే. అది ఇప్పుడు గుర్తొచ్చి కూర్మారావు తల దించుకున్నాడు.

మాస్టారు రోడ్డు పక్క మైలురాయి మీద కూర్చుని, పైపంచెతో మెడ తుడుచుకున్నారు.

"రేపు దిగుడు దారి. రేపు కూడా నువ్వే ముందుండు" అన్నారు.