నూకాలు ఆపిన స్విచ్చి

ముందువెనకలు తారుమారైతే మన్నించండి. కరెంటు లైను చివరి ఊళ్లో వోల్టేజి చాలక నూకాలు పిండిమర గింజ నలపలేక మూలిగేది. కప్పు మీద సోలారు పలకలు పెట్టించి లైనుకు కలిపాక, పగలు ఊరంతా ఫ్యాన్లు గిర్రున తిరిగాయి.

"మా కరెంటుకేం లోటు? పలకలు పీకించు!" అంటూ కరెంటాఫీసు అధికారి భూషణంగారు మర దగ్గరికొచ్చి ఫ్యాను కిందే కూర్చున్నారు.

"చిత్తం బాబూ" అని నూకాలు సోలారు స్విచ్చి ఆపేసింది. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేలా నీరసించింది.

ఆయన చెమట తుడుచుకుంటూ, "ఫ్యానెవరాపారే?" అని అరిచారు.

"ఎవరూ ఆపలేదు బాబూ. ఇది తమరి కరెంటు. ఇందాక తోడొచ్చింది సూర్యనారాయణుడు. పలకలు పీకేయనా?"

"ముందా స్విచ్చి వెయ్యవే తల్లీ!"

పిండికొచ్చిన వాళ్లందరూ ఆ మాట విన్నారు. పలకల జోలికి మళ్లీ ఎవరూ రాలేదు.

రాజ్యం, ఆ రోజు పిండికి నువ్వూ వచ్చావుగా, పేర్లు సరిగ్గా రాశానో లేదో ఓసారి చూడవే.