నీటి మీద పందిరి

ఆ ఏడు ఎండలు ముదిరాయి. పెద్ద చెరువు రోజురోజుకీ ఒడ్డును వదిలి లోపలికి జరిగిపోతోంది. ఆ చెరువులో ఒక మనిషి నీటి మీద పందిరి వేశాడు.

వెదురు గడలు పాతి, పైన తాటాకు తడక కట్టాడు. అది తన కోసం కాదు, చేపల కోసం. నడివేసవిలో చెరువు నీళ్లు కాగిపోతాయి. కొర్రమీను లాంటి మొండి చేప కూడా నీడ కోసం దేవులాడుతుంది. ఆ వేళ నీడ చూపించినవాడే దానికి దేవుడు.

అతని తాతల నాటి నుంచి ఒక పద్ధతి ఉంది. పందిరి వేయగానే గాలం వేయకూడదు. ముందు తవుడు ముద్దలు వేయాలి. తవుడు కోసం పిల్ల చేపలు వస్తాయి, పిల్ల చేపల కోసం కొర్రమీనులు వస్తాయి. నీడ వాటికి అలవాటు కావాలి. ఇది ఎవరో వేసిన నీడ అన్న సంగతే అవి మరిచిపోవాలి. గాలం దించేది అప్పుడు. అదీ తెప్ప మీంచి, రోజుకు ఒక్కటే, చప్పుడు కాకుండా.

లాగిన ప్రతిసారీ ఒకే తంతు. మిగతా చేపలు ఒక్కసారి చెదిరేవి. అంతలోనే, పోయినదాని చోటులోకి పక్కది జరిగేది. నీడ మళ్లీ నిండిపోయేది.

ఒక్క ముసలి కొర్రమీను మాత్రం లోపలికి వచ్చేది కాదు. తల నీడలో, తోక ఎండలో పెట్టుకుని అంచునే ఉండేది. మూతి ముందు కప్పపిల్లను ఆడించినా కదిలేది కాదు. "నీ పొగరు దించకపోతే చూడవే" అని అతను దానితో రోజూ పోట్లాడేవాడు.

ఒడ్డున అతని వాళ్ల గుడిసెలున్నాయి. చుట్టుపక్కల ఒక్క చెట్టు లేదు. మధ్యాహ్నమైతే గుడిసె లోపలికీ పొయ్యి లోపలికీ తేడా ఉండేది కాదు. ఒకరోజు ఎవరో పెద్దమనిషి బండి దిగి, ఒడ్డు పొడవునా చలువ పందిరి వేయించాడు. చాపలు పరిపించాడు. కుండల నిండా మజ్జిగ పెట్టించాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. ఏమీ అడగనివాడిని మనవాళ్లు ఏనాడు అనుమానించారు గనుక!

జనానికి పందిరి అలవాటైంది. వలలు చుట్టి మూలన పడేశారు. అప్పుడు ఒక మధ్యాహ్నం పందిరాయన వలలు అల్లే మనిషి భుజం తట్టాడు. "కాస్త పనుంది, రా" అన్నాడు. ఆ మనిషి బండెక్కి గట్టు దాటి వెళ్లిపోయాడు. మర్నాడు ఇంకొకరు. వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. "మంచి పనే దొరికుంటుంది" అనుకున్నారు ఉన్నవాళ్లు, మజ్జిగ తాగుతూ.

ఇదంతా తెప్ప మీది మనిషి కళ్లకు ఆనుతూనే ఉంది. బుర్రకు ఎక్కలేదు. ఒకరోజు చేపను లాగి బుట్టలో వేసి, నడుం విరుచుకుంటూ ఒడ్డు వైపు చూశాడు. తెప్పలు కట్టే మనిషి లేచి బండి వైపు నడుస్తున్నాడు. అతను లేచిన చోటులోకి పక్కవాడు జరిగాడు. పక్కవాడి చోటులోకి ఇంకొకడు. పందిరి మళ్లీ నిండిపోయింది.

చేతిలోని గాలపు కర్ర పక్కన పడేశాడు. మొదట జరిగినవాడు తన తమ్ముడు.

అతను తెప్పను ఒడ్డుకు తోసుకొచ్చి, తమ్ముడి చెయ్యి పట్టి లాగాడు. "లేవరా. ఇది నీడ కాదు, ఎర. లే."

తమ్ముడు నవ్వాడు. "అన్నకు ఎండ నెత్తికెక్కింది. పెద్దమ్మా, ఈయనకు కాస్త మజ్జిగ పొయ్యి!"

"పోయినవాళ్లు ఏమయ్యారో ఒక్కడన్నా అడిగాడట్రా?"

"అడిగితే పందిరి పీకేస్తే?" అంది ఏ బెంగా లేని గొంతుతో పెద్దమ్మ. తమలపాకు ఈనె తీస్తూ తలెత్తలేదు. "అయినా నువ్వు చేపలకు చేసేదేంట్రా నాయనా? మాకు చెప్పొచ్చావు."

అందరూ ఘొల్లుమన్నారు. ఆ మాట అతనికి ముల్లులా దిగింది. చాపల అవతల పందిరాయన కూడా చిరునవ్వు నవ్వాడు. ఆ నవ్వు తనకు బాగా తెలుసు. తవుడు వేసేటప్పుడు తన మొహాన ఉండేది అదే.

"సరే. నా పందిరి పీకేస్తాను. చేపలు తమ దారిన పోతాయి. చేపకున్న బుద్ధి మీకు లేదా?"

"పందెం అన్నా" అన్నాడు తమ్ముడు. "నీ చేపలు పోతే నేనూ నీ వెంట వచ్చేస్తా. పోకపోతే నా జోలికి రాకు."

అతను పరుగున నీళ్లలోకి, తన పందిరి దగ్గరికి వెళ్లాడు. తమ్ముడు మోకాలి లోతు నీళ్లలో నిలబడి చూస్తున్నాడు. అతను గడలు ఒక్కొక్కటే ఊడబెరికాడు. తడక కూలింది. దాన్ని చింపి దూరంగా విసిరాడు. ఎండ నీళ్ల మీద దభాలున పడింది.

చేపలు చెదిరాయి. అతని గుండె కుదుటపడబోయింది.

అంతలోనే తిరిగొచ్చాయి. నీడ ఉన్న చోటనే, లేని నీడ కింద, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడ్డాయి. వీపులు కాలుతున్నా కదల్లేదు. గడతో పొడిచాడు. నీళ్లు చరిచాడు. "పొండే! లోతుకు పొండే! మీకు దండం పెడతా, పొండి!" అని అరిచాడు. పక్కకు జరిగి మళ్లీ వచ్చాయి. మూతులు పైకెత్తి తవుడు కోసం చూశాయి.

అంచునుండే ముసలి కొర్రమీను ఒక్కటే వెనక్కి తిరిగి లోతుల్లోకి వెళ్లిపోయింది.

"పందెం నాదే!" అన్నాడు తమ్ముడు. వెనకనుంచి ఎవరో వాడి భుజం తట్టారు. "కాస్త పనుంది, రా."

"ఒరేయ్, వెళ్లకురా!"

తమ్ముడు పంచె దులుపుకుంటూ బండెక్కాడు. గట్టు మీద దుమ్ము లేచింది, అణిగింది. పందిరిలో వాడి చోటు అప్పుడే నిండిపోయింది.

అతని నెత్తి మాడుతోంది. ఇప్పుడు తన నీడ కూడా లేదు. పందిరిలోంచి పెద్దమ్మ పిలిచింది. "ఎంతసేపురా ఆ ఎండలో? రా, జరుగుతాంలే."

అతను వద్దనుకున్నాడు. కాళ్లు అనుకోలేదు. పందిరి దాకా నడిచి, అంచున ఆగాయి. మొహం నీడలో, వీపు ఎండలో. మజ్జిగ ముంత చేతికొచ్చింది.

"లోపలికి రావయ్యా" అన్నాడు పందిరాయన మెత్తగా. "ఇంకా అంచునే ఎందుకు?"

అతను ముంతను నోటి దాకా ఎత్తి, ఆగి, తడక సందుల్లోంచి పైకి చూశాడు. గాలపు దారం ఎక్కడుందోనని.