విస్తట్లో వడ్లు

ఒకానొక రాజ్యంలో, ఊరూ పేరూ ఎందుకులెండి, ప్రతాపమార్తాండుడనే రాజు ఉండేవాడు. ఆ పేరు మోయడానికే నలుగురు బోయీలు కావాలి! ఆయన ఖజానాలో బంగారం లేదు, వెండి లేదు. ఉన్నవల్లా లెక్కలు చేసే యంత్రాలు. అవి రేయింబవళ్లు చిక్కు లెక్కలు విప్పుతుంటే, విప్పిన ప్రతి లెక్కకూ ఒక నాణెం పుట్టేది. కంటికి కనపడదు, చేతికి తగలదు, బజారులో మాత్రం చెల్లుతుంది. చోద్యం కాకపోతే ఏమిటి చెప్పండి!

ఆ యంత్రాల లోపల చిటికెడు లోహం ఉండాలి. నల్ల ఇసుకను కడిగి, కాచి, వడగట్టి తీసే లోహమది. పొరుగు రాజు పంపేవాడు. ఒకనాడు ఆయనకు కోపమొచ్చి బండ్లు ఆపేశాడు. ఇక్కడ యంత్రాలు ఒక్కొక్కటే మూలపడ్డాయి.

రాజు యంత్రాల పెద్ద వీరాచారిని సభకు ఈడ్పించాడు.

"మన సముద్రపు ఒడ్డున నల్ల ఇసుక కుప్పలు కుప్పలుగా పడి ఉందిగా! పొరుగువాణ్ణి దేబిరించడం దేనికి? నువ్వు ఒట్టి సోమరివి. రేపు పొద్దుగూకేలోగా యంత్రాలు తిరక్కపోతే నీ ఇంటిల్లిపాదినీ దేశం దాటిస్తాను."

"ప్రభూ, ఇసుక ఉంటే చాలదు..."

"నోర్ముయ్!"

ఆచారి భార్య నిండు చూలాలు. పాపం, ఎక్కడికి పోతారు?

అప్పుడు తిప్పన అనే విదూషకుడు లేచాడు. "మహాప్రభూ, రేపు మధ్యాహ్నం మా ఇంట భోంచేయండి. ఆచారినీ వెంటబెట్టుకు రండి. శిక్ష సంగతి ఆ తర్వాత చూద్దురు గాని."

తిండి మాటెత్తితే రాజు కాదనడు.

మర్నాడు పీట వేశారు, విస్తరి పరిచారు. తిప్పన దోసెడు వడ్లు వడ్డించాడు. పక్కన గుప్పెడు కందులు, కాసిని నువ్వులు, ఒక చెరుకుగడ.

"ఇదేమిటిరా?"

"అన్నం, ప్రభూ. అది పప్పు, ఇది నూనె, ఆ గడ బెల్లం. ఆరగించండి."

"వెటకారమా? వడ్లు ఎలా తింటార్రా?"

"దంచాలి, చెరగాలి, వండాలి. అది తెలిసినవాళ్లు ఇంట్లో లేరు మరి. పొగ పెడుతున్నారని నేనే వెళ్లగొట్టాను. ఇప్పుడు పక్కింట్లో వండుతున్నారు. అయినా వడ్లు బోలెడున్నాయిగా, భోజనానికి లోటేమిటి?"

రాజు వడ్ల వంక చూశాడు. ఏటినీళ్లు మురికి చేస్తున్నారని, పొరుగున లోహం చవకని, ఏళ్ల కిందట ఇసుక కడిగేవాళ్ల పేటను ఖాళీ చేయించింది ఆయనే. ముందు మొహం ఎర్రబడింది. తర్వాత పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

"దొంగవెధవా! కడుపు మాడ్చి బుద్ధి చెప్పావు గదరా!" అంటూ మెడలో హారం తీసి తిప్పనకు వేశాడు. "ఆచారికి శిక్షా లేదు, గిక్షా లేదు. ఆ ఇసుక కడిగేవాళ్లను వెనక్కి పిలిపించు. ఏరు పాడవకుండా చూసే పూచీ నాది."

తిప్పన హారాన్ని ముట్టుకోనైనా లేదు. "బండ్లు ఆగిన నాడే పొరుగు రాజ్యానికి వెళ్లి వాళ్లను బతిమాలి వచ్చాను, ప్రభూ. పెద్దవాళ్లు చాలామంది కాలం చేశారు. సింహాద్రమ్మ అనే ముసలామె ఉంది. 'మా పిల్లలకు ఇక్కడే పెళ్లిళ్లయ్యాయి నాయనా. ఆనాడు మీ రాజు కాళ్లు పట్టుకున్నాం. ఉండండి అని ఒక్క మాటంటే ఉండిపోయేవాళ్లం' అని కళ్లొత్తుకుంది."

రాజు నవ్వు ఆగిపోయింది. ఎంత పని చేశాను అనుకున్నాడు. ఆచారి వైపు తిరిగాడు.

"మనమే నేర్చుకుంటేనో?"

"నేర్చుకోవచ్చు ప్రభూ. మన మనవల నాటికి చేతికొస్తుంది."

అప్పటికి తను ఉండడని రాజుకు తెలుసు. "అయితే రేపే మొదలుపెట్టండి" అన్నాడు.